ఆదివారం భోజనం, సంతలో కిరసనాయిలు ధర

కిందటి నెల చమురు కంపెనీలో కొత్తగా చేరిన ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఒకరు ఇంజనీరమ్మాయి, ఇంకొకరు లెక్కల విభాగం అబ్బాయి. ఈ ముసలాయన రాయగడ డిపోలో పద్నాలుగేళ్లు ఉన్నాడు, వెళ్లి అడగండి అని ఎవరో చెప్పారట. ముడి చమురు ధర, దాని వెనకాలే డీజిలు, కిరసనాయిలు ధరలు వారం వారం ఎందుకు మారతాయన్నది వాళ్ల ప్రశ్న. ఆ క్షణాన సముద్రం అవతల పీపా ఎంత పలుకుతోందో వాళ్ల ఫోన్లలోనే కనిపిస్తోంది. అంత తెలిసినవాళ్లకు నేను చెప్పేదేముంది? యుద్ధాలు, ఓడలు, రూపాయి విలువ, చలి దేశాల్లో శీతాకాలం వాడకం అంటూ పుస్తకాల్లో ఉన్నవే నాలుగు ముక్కలు చెప్పి, టీ ఇచ్చి పంపేశాను. పాపం, మర్యాదగా తల ఊపి వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లాక నా మీద నాకే చిరాకు వేసింది. నేను చూసినదాన్ని వదిలేసి, చదివినదాన్ని అప్పజెప్పాను. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ప్రమోషన్లు ఉండవు. వాటి మీద నాకు పెద్ద మోజు లేదు, వాటికి నా మీద అసలే లేదు. ఆ ఊళ్లో నన్ను అన్నానికి పిలిచే ఇల్లు ఒక్కటే ఉండేది. దాన్ని నా చేతులారా పోగొట్టుకున్నాను. ఎలా పోగొట్టుకున్నానో చెబితే, ధర సంగతి దానంతట అదే తెలుస్తుంది.

పొయ్యి లేని క్వార్టరు

అరవైల చివర్లో నన్ను రాయగడ వేశారు. అప్పటికి అది ఒడిశాలో కోరాపుట్ జిల్లాలోదే. విశాఖపట్నం నుంచి ట్యాంకు వ్యాగన్లు విజయనగరం, పార్వతీపురం మీదుగా వచ్చి మా సైడింగులో ఆగేవి. వాటిలో నూనె మా ట్యాంకుల్లోకి దించుకుని, లారీల మీద ఘాటీ, అంటే కొండదారి, ఎక్కించి కోరాపుట్ దాకా, అవతల కొట్పాడ్ దాకా పంపేవాళ్లం. కొట్పాడ్‌లో నేతగాడి ఇంట్లో దీపం వెలిగినా, గుడారిలో రైతు పంపు తిరిగినా ఆ నూనె నా కొలత దాటి వెళ్లిందే.

ఇన్ని ఇళ్లకు నూనె పంపినవాడి ఇంట్లో పొయ్యి లేదు. నా క్వార్టరు డిపో కంచె లోపలే ఉండేది. కంచె లోపల అగ్గిపుల్ల గీయకూడదు. గేటు దగ్గర వాచ్‌మన్ నా జేబు కూడా తడిమి చూసేవాడు, అది వాడి ఉద్యోగం. రెండు పూటలా స్టేషను ఎదురుగా హోటల్లో తినేవాణ్ని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు కూడా కొన్నాళ్లకు అడగడం మానేశారు. సాయంత్రం ఆరింటికి గేటు వేశాక ఆ కంచెలో నేను, మూడు ట్యాంకులు, ఒక వాచ్‌మన్. అతను ఒడియావాడు, పైగా మాట్లాడే స్వభావం కాదు. వర్షాకాలంలో వరసగా నాలుగైదు రోజులు నా గొంతు నేనే వినని రోజులున్నాయి.

ఎండలో కొలిచిన నూనె

నా మొదటి అధికారి మూర్తి గారు. చేరిన నెలలో ఒకసారి తెల్లవారగానే ఒక ట్యాంకు కొలత తీయించారు. ఇత్తడి కడ్డీ లోపలికి దించి, ఎక్కడిదాకా తడిసిందో చూసి రాయడమే కొలత. మళ్లీ మిట్టమధ్యాహ్నం అదే ట్యాంకు కొలవమన్నారు. బొట్టు నూనె కలపలేదు, అయినా ఎక్కువ వచ్చింది. "ఎవడు పోశాడయ్యా?" అని నన్నే అడిగి నవ్వారు. ఎండకు నూనె ఉబ్బుతుంది, చలికి సర్దుకుంటుంది. అంతే.

పాఠం అర్థమైందనే అనుకున్నాను. మొదటి వేసవిలోనే తప్పు చేశాను. మధ్యాహ్నం ఎండలో ఇక్కడ నింపిన డీజిలు లారీ, ఘాటీ ఎక్కి కోరాపుట్ చలిలో దించేసరికి నూరు లీటర్ల పైచిలుకు తగ్గింది. డ్రైవరు దారిలో అమ్ముకున్నాడని రాసేశాను. లారీ యజమాని అతన్ని పనిలోంచి తీసేశాడు. పదిహేను రోజుల తర్వాత లెక్క వేసుకుంటే ఆ తేడా అంతా చలి తిన్నదే. వెతుక్కుంటూ వెళ్లి తప్పు నాదని చెప్పాను. అతను తలుపు దగ్గరే నిలబడి విన్నాడు. యజమాని మళ్లీ తీసుకోలేదు.

మనిషిని ముందు అనుమానించి కొలతను తర్వాత అనుమానించడం ఈ ఉద్యోగం అంటించే రోగం. నాకది త్వరగానే అంటుకుంది. ఆ డ్రైవరుతో తగ్గిపోయిందనుకున్నాను, తగ్గలేదు.

రెండు ధరలు

ఇప్పట్లా రోజూ పొద్దున్నే కొత్త ధర రావడం అప్పుడు లేదు. ధర ఢిల్లీ వేసేది. ఏడాదంతా అదే ఉండేది, ఒక్కోసారి ఉన్నట్టుండి మారేది. మారబోయే ముందు, సాధారణంగా శనివారం, మాకు టెలిగ్రాం వచ్చేది: సరఫరా ఆపండి, ట్యాంకులన్నీ కొలిచి ఉంచండి అని. ఎంత పెరుగుతుందో అందులో ఉండదు. కానీ సోమవారం ఏదో జరగబోతుందని నాకు తెలిసిపోయేది. ఆ ఒక్క ఆదివారం ఆ సంగతి నా కడుపులోనే ఉండాలి. ముందే పొక్కితే డీలర్లు సరుకు దాచేస్తారు.

అది ప్రభుత్వం ధర. ఇంకొకటి సంత ధర. బిస్సమ్ కటక్ సంతలో కొండ దిగి వచ్చే కోందు గిరిజనులు పసుపు, అల్లం తెచ్చి, సీసాల్లో కిరసనాయిలు పోయించుకుని వెళ్లేవారు. ఆ సీసా ధర ప్రతి సంతకూ మారేది. నేను మొదట్లో దాన్ని దొంగతనం అనేవాణ్ని. కొంత దొంగతనమే. కానీ రెండేళ్లు గమనిస్తే, అది మారడానికి దాని కారణాలు దానికి ఉన్నాయి. వానకు ఘాటీలో కొండచరియ విరిగిపడితే పెరిగేది. వ్యాగన్లు నాలుగు రావలసింది రెండే వస్తే పెరిగేది. పెళ్లిళ్ల రోజుల్లో పెరిగేది. మా సైడింగులో వరసగా వ్యాగన్లు నిలిచి ఉన్నాయని కబురు వెళితే తగ్గేది, అవి ఖాళీవైనా సరే. వచ్చేవారం నూనె దొరుకుతుందా అన్న అనుమానం ఎంత ఉంటే ధర అంత. అరబ్బు దేశాల చమురు ధర కూడా చాలావరకు ఇలాంటి అనుమానమేనని తర్వాత పేపర్లలో చదివాను. ఆ అనుమానానికి అక్కడ పెద్ద పేర్లు పెట్టారు.

డెబ్బై మూడులో అరబ్బు దేశాలు చమురు బిగించినప్పుడు మా డిపోకి టెలిగ్రాములు ఎక్కువయ్యాయి. మూర్తి గారు బదిలీ అయ్యారు, ఆయన స్థానంలో ఇంకొక అధికారి వచ్చాడు. చురుకైనవాడు, నిజాయితీపరుడు. ఆయన నాకు చెప్పిన మొదటి మాట, డిపో మనిషికి ఊళ్లో స్నేహితులు ఉండకూడదని. నేను ఆ మాటను రూల్ పుస్తకంలోది అన్నంత నమ్మాను. ఆ పుస్తకంలో అలాంటి రూల్ ఎక్కడా లేదు.

సింహాచలం ఇల్లు

నాకు ఉన్నది ఒక్క స్నేహితుడు. సింహాచలం, రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తా. శ్రీకాకుళం వైపు మనిషి. నా వ్యాగన్ల కాగితాలు అతని బల్ల మీదుగానే వచ్చేవి. అలా పరిచయం. నేను హోటల్లో తింటున్నానని తెలిసి, ఒక ఆదివారం వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. ఆ తర్వాత పిలవడం లేదు, నేనే వెళ్లడం. అయిదేళ్లు దాదాపు ప్రతి ఆదివారం వెళ్లాను.

అతని భార్య నర్సమ్మ నన్ను అన్నయ్యా అనేది. వంకాయల్లో ఎండు మెత్తళ్ల చేపలు వేసి వండేది. మా అమ్మ పోయాక ఎవరూ నాకు రెండోసారి వడ్డించలేదు, ఆవిడ అడక్కుండానే వడ్డించేది. భోజనం అయ్యాక సింహాచలం చాప మీద నడుం వాల్చేవాడు, నేను గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ని. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. మాట్లాడనవసరం లేని చోటు దొరకడం ఎంత పెద్ద సంగతో కంచెలో ఒంటరిగా బతికినవాడికే తెలుస్తుంది. మిగతా ఆరు రోజులు ఆ గంట కోసమే గడిపాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

టెలిగ్రాం వచ్చిన ఆదివారాలు మాత్రం వెళ్లేవాణ్ని కాదు. పని ఉందని కబురు పంపేవాణ్ని. నా ముఖం చూస్తే తెలిసిపోతుందేమోనని భయం. అరబ్బు దేశాలు చమురు బిగించిన ఆ ఏడాది అలా రెండు మూడుసార్లు మానేశాను. నా అంత జాగ్రత్తపరుడు జిల్లాలో లేడని మనసులో మురిసిపోయాను కూడా.

జ్వరం వచ్చిన వారం

ఆ మరుసటి ఏడాది వర్షాకాలంలో నాకు మలేరియా వచ్చింది. ఒక ఆదివారం మంచం మీంచి లేవలేకపోయాను. టెలిగ్రాం ఏమీ లేదు, ఉట్టి జ్వరమే. నేను రాలేదేమని కనుక్కుని, సాయంత్రం సింహాచలం బార్లీ గంజి చేయించి తెచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ అతని జేబులు కూడా తడిమాడు.

నాలుగు రోజులకు లేచి, డీలర్ల తనిఖీ కోసం బిస్సమ్ కటక్ వెళ్లాను. ఆ రోజు సంత. కిరసనాయిలు సీసా ధర చూసి అదిరిపడ్డాను. ఘాటీ బాగానే ఉంది, వ్యాగన్లు వచ్చాయి, నా ట్యాంకులు నిండుగా ఉన్నాయి. ఒక కోందు ముసలావిడ పోయిన సంతకు ఇచ్చినంత పసుపే ఇచ్చింది, సీసాలో నూనె ముప్పావు దగ్గర ఆగిపోయింది. ఆవిడ సీసా ఎత్తి వెలుతురులో చూసి వాళ్ల భాషలో ఏదో అడిగింది. చిల్లరగా నూనె అమ్మే గురువులు నాకు తెలుగులో చెప్పాడు.

"పోయిన సంతకి నిండిన సీసా ఈ సంతకి నిండలేదేటి, సీసా పెరిగిందేటి అని అడుగుతోంది బాబూ."

ధర ఎందుకు పెంచావని గట్టిగా అడిగాను. గురువులు భయపడలేదు. తెలిసిన సంగతే అడుగుతున్నానన్నట్టు చూశాడు.

"మీరు ఆదివారం బోయినానికి ఎల్లలేదు కదండీ. అరబ్బువోలు ఏటి సేసేరో మాకేటి తెలుస్తాది? మీరు తిన్నారో లేదో అదైతే తెలుస్తాది."

మిగతాది నెమ్మదిగా రాబట్టాను. నేను వెళ్లని ఆదివారం నర్సమ్మ వండిన కూర మిగిలిపోయేది. పారేయడం ఎందుకని ఆవిడ పక్కింటికి ఇచ్చేది. పక్కింటాయన రాయగడలో పెద్ద డీలరు దగ్గర బండి తోలేవాడు. పక్కింటికి కూర వచ్చిందంటే డిపో బాబు రాలేదు. డిపో బాబు రాలేదంటే ధర పెరగబోతోంది. సాయంత్రానికల్లా డీలరుకు కబురు, రెండు రోజుల్లో సంతకు కబురు. రెండు మూడుసార్లు నిజమయ్యేసరికి అందరికీ గురి కుదిరింది. ఈసారి నాకు జ్వరమని సింహాచలం వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. నా జ్వరానికి ఆ ముసలావిడ పావు సీసా నూనె నష్టపోయింది.

తిరుగు రైల్లో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఇక్కడ నేను చేసిన అసలు నీచమైన పని చెప్పాలి. పక్కింటి కథ అంతా విన్నాక కూడా, మనసులో ఒక మూల సింహాచలాన్ని అనుమానించాను. వ్యాగన్ల కాగితాలు చూసేవాడు, డీలర్లందరికీ తెలిసినవాడు. కూర కథ ఒక ముసుగేమో అనుకున్నాను. రెండు రోజులకే ఆ అనుమానం తప్పని తెలుసుకున్నాను. కానీ ఒకసారి అనుమానించినవాణ్ని నేరుగా వెళ్లి, మీ కూర పక్కింటికి పంపకండి అని అడగడానికి నాకు నోరు రాలేదు.

చివరి ఆదివారం

ఇకమీద ఏం జరిగినా ప్రతి ఆదివారం వెళ్లి తీరాలని నిర్ణయించుకున్నాను. కొన్ని వారాలు బాగానే జరిగింది. తర్వాత ఒక శనివారం టెలిగ్రాం వచ్చింది. ఆదివారం యథాప్రకారం వెళ్లి కూర్చున్నాను. అన్నం కలుపుతున్నానే తప్ప మింగుడు పడలేదు. గోడ అవతల పక్కింటివాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. నేను ఎంత తిన్నానో కూడా రేపు సంతలో ధర అవుతుందా అనిపించింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాను.

"కూర బాగోలేదేటన్నయ్యా?" అని అడిగింది నర్సమ్మ.

ఆకలి లేదమ్మా అన్నాను. మజ్జిగ ఇస్తే వద్దన్నాను. మంచినీళ్లు కూడా తాగకుండా బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం తేల్చుకున్నాను. వెళ్లినా ధర మారుతుంది, మానినా మారుతుంది. అసలు ఎప్పటికీ వెళ్లకపోతే నా రాకపోకలకు అర్థమే ఉండదు, సంతకు నా నుంచి ఏ కబురూ అందదు. పని ఎక్కువైందని కబురు పంపాను. ఆ తర్వాతి ఆదివారమూ అదే కబురు. సింహాచలం ఒకసారి డిపోకి వచ్చాడు. గేటు దగ్గరే నిలబెట్టి రెండు మాటలు మాట్లాడి పంపేశాను. అతను మళ్లీ రాలేదు. వీధిలో ఎదురైతే నర్సమ్మ కొంగు సర్దుకుని, "బాగున్నారా బాబూ" అనేది. అన్నయ్య అన్న పిలుపు పోయిందని గమనించాను. నేను కోరుకున్నదే కదా అని సరిపెట్టుకున్నాను.

తొమ్మిదేళ్లు అలా గడిచాయి. వాళ్లిల్లు మా గేటుకు కూతవేటు దూరం.

సంత ధర ఏమైందో కూడా చెప్పాలి కదా. ఏమీ కాలేదు. నా భోజనం పోతే వాళ్లు వ్యాగన్లు లెక్కపెట్టారు. వ్యాగన్ల లెక్క కుదరకపోతే స్టేషను మాస్టరు ముఖం చూశారు. రెండోసారి అరబ్బు దేశాల వైపు గొడవలొచ్చి చమురు ధర భగ్గుమన్నప్పుడు, నా నుంచి ఏ కబురూ లేకపోవడమే పెద్ద కబురనుకుని ఇంకా పెంచారు. భయపడ్డవాడికి ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. నూనె కొనేవాడి దగ్గర నేను దాచిన ప్రతి సంగతినీ వాడు ఊహతో నింపుకున్నాడు, ఆ ఊహ ఎప్పుడూ అసలు కంటే ఖరీదైనదే. సరుకు ఎంత ఉందో గేటు మీద రోజూ రాసి పెట్టి ఉంటే ఆ ముసలావిడ సీసాకు కొంత మేలు జరిగేదేమో. నా ఏకాంతం వల్ల మాత్రం చుక్క నూనె కూడా ఆదా కాలేదు.

కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది ఇంతే. సంస్థ రహస్యాన్ని కాపాడండి, జీతం దానికీ ఇస్తారు. కానీ రహస్యం ఉందన్న సంగతిని కూడా రహస్యం చేయబోకండి. ఇవాళ నన్నేమీ అడగకు, సోమవారం చెబుతాను అని నోరు తెరిచి చెప్పగలిగిన స్నేహితుడు ఒక్కడుంటే చాలు. నాకు అలాంటివాడు ఉన్నాడు. నేను వాడుకోలేదు.

స్టేషనులో

ఎనభైల మొదట్లో సింహాచలానికి ఖుర్దా వైపు బదిలీ అయింది. ఆ రోజు ఉండబట్టలేక స్టేషనుకు వెళ్లాను. పగటి బండి. ప్లాట్‌ఫారం మీద పెట్టెల పక్కన నర్సమ్మ కూర్చుని ఉంది, సింహాచలం నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఇద్దరూ కంగారుపడ్డారు. ఆవిడ లేచి నిలబడింది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. టెలిగ్రాం సంగతి, పక్కింటికి వెళ్లిన కూర, బిస్సమ్ కటక్ సంత, చివరిరోజు ముద్ద దిగకపోవడం, అన్నీ వరసగా చెప్పేశాను. సింహాచలాన్ని రెండు రోజులు అనుమానించానని కూడా చెప్పాను. అతను దానికి చెయ్యి ఊపేశాడు.

"ఒక్క మాట సెప్పుంటే పక్కింటికి కూర పంపడం మానేసేవాళ్లం కదా," అన్నాడు. "మేం ఇంకోలాగ అనుకున్నాం."

ఏమనుకున్నారని అడిగాను. అతను భార్య వైపు చూశాడు. ఆవిడ పెట్టె తాళం సరిచూస్తూ చెప్పింది.

"ఆ వారమే మా ఊరాయనొకడు మీ డిపోలో లారీ క్లీనరుగా సేరేడు. మా కులమేటో మీకు సెప్పీసేడనుకున్నాం. అందుకే ముద్ద ఒగ్గీసి, నీలు కూడా తాక్కండా ఎల్లిపోయేరని అనుకున్నాం."

వాళ్ల కులమేమిటో నాకు ఆ రోజు తెలియదు. ఈ రోజుకీ తెలియదు.

బండి వచ్చింది. సింహాచలం పెట్టెలు ఎక్కించాడు. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఆ తరవాత ఈ ఊల్లో మేం ఎవర్నీ బోయినానికి పిలవలేదన్నయ్యా," అంది.

ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పి, లోపలికి వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది.